లోపలి గడియ

యాసీన్‌కు విసుగొచ్చేసింది. అలాంటిలాంటి విసుగు కాదు, పొద్దున కళ్లు తెరవాలంటేనే ఒళ్లు బరువెక్కేంత విసుగు.

పీర్ సాహెబ్ ఉండే తకియాలో, ఆ ఫకీర్ల మఠంలో, అతని పని ఒక్కటే. కోట చెరలో చిత్రహింసలు పడి బయటికొచ్చినవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పుకునేది వినడం. ఎందరో వచ్చారు. చెప్పుకున్నారు, ఏడ్చారు, కాస్త తేరుకుని పోయారు. కొమురెల్లి మాత్రం నోరు విప్పలేదు. మగ్గం నేసుకునే మనిషి, మూడేళ్లు చెరలో ఉండి వచ్చాడు. మూడు నెలలుగా భార్య లింగవ్వ రోజూ చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది.

ఆ రోజు ఆమె కళ్లు తుడుచుకుంటూ అంది: "తిండి లేదు, నిద్ర లేదు సాయెబూ. ఇట్లయితే ఈ మనిషి నాకు దక్కడు."

ఎప్పటిలాగే యాసీన్, మాట ఎవరి చెవినా పడకూడదని తలుపు మూసి గడియ పెట్టాడు. ఎవరూ లోపలికి రాకుండా తలుపుకు అడ్డంగా చాప వేసుకుని కూర్చున్నాడు.

"ఎవరు కొట్టారు? ఎట్లా కొట్టారు? చెబితేనే కదయ్యా బరువు దిగేది!"

కొమురెల్లి గోడకు ఇంకాస్త ఆనుకుని నక్కాడు. అంగీ చెమటతో తడిసి ముద్దయింది.

యాసీన్ లేచి విసవిసా గురువు పీర్ సాహెబ్ దగ్గరికి పోయాడు. "నా వల్ల కాదు హజ్రత్. రాయితో ఎంతకాలమని మాట్లాడను? నన్ను వంటింట్లోకి పంపండి, గిన్నెలు తోముకుంటాను."

"పోదువుగానిలే బేటా. ముందు నువ్వు కూర్చునే చోటు చూపించు."

ముసలాయన మోకాళ్లు పట్టుకుంటూ వచ్చాడు. యాసీన్ కూర్చునే చాపను తీసి గది చివర గోడవార వేశాడు. కొమురెల్లి కూర్చునే చాపను తెచ్చి తలుపు పక్కనే పరిచాడు. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. "ఇప్పుడు కూర్చో" అని యాసీన్‌తో చెప్పి, తన దారిన తాను వెళ్లిపోయాడు.

కొమురెల్లి చటుక్కున లేచి బయటికి నడిచాడు. యాసీన్ సగం లేచాడు. అయ్యో, ఉన్నది కూడా పోయిందే! పిలవబోయి, గురువు మాట గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. కాసేపటికి అతనే తిరిగొచ్చాడు. మళ్లీ పోయాడు. మళ్లీ వచ్చాడు.

మూడోసారి వచ్చినప్పుడు తలుపు తనే మూశాడు. గడియ పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"ఆడ చెరల తలుపుకు లోపల గడియ లేకుండె సాయెబూ," అన్నాడు.

యాసీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి అతను ఏమీ అడగలేదు.