నూకాలు తిట్లు

సముద్రం మన ఇళ్ళకి ఇంకా దగ్గరగా ఉన్న రోజుల్లో, మనుషులు తక్కువ మాట్లాడి ఎక్కువ మోసిన రోజుల్లో, అనగనగా ఒక ఉప్పు మడుల ఊరు. ఇది జోకొట్టి నిద్రపుచ్చే కథ కాదు. కోపంగా చెప్పాలి, కోపంగా వినాలి. నవ్వొస్తే నవ్వండి గానీ, ఎవరి మీద నవ్వుతున్నారో చూసుకుని నవ్వండి.

ఆ ఊళ్ళో అందరిదీ ఒకటే పని. సముద్రపు నీళ్ళు కాలవలోంచి మడుల్లోకి వదలాలి. ఎండకి ఎండనివ్వాలి. తేలిన ఉప్పుని చెక్కపలకతో గట్టుకి లాగాలి, గంపలకెత్తి రాశి పొయ్యాలి. ఎండాకాలమంతా వంచిన నడుం ఎత్తే పని లేదు. ఆ పనిలో ఒంటి మీద ఎక్కడో ఒకచోట గీసుకుంటూనే ఉంటుంది. గీసుకున్నచోట ఉప్పునీళ్ళు తగిలితే ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకని వాళ్ళ తాతల్లో ఎవడో ఒక మహానుభావుడు, ఉప్పుకి మండని నొప్పి అసలు నొప్పే కాదని తేల్చేశాడు. తరవాతి వాళ్ళందరూ అదే పట్టుకుని కూర్చున్నారు.

గట్టు మొదట్లో ఒక కుండ. కుండ నిండా చిక్కటి ఉప్పునీళ్ళు. ఎవరైనా వచ్చి నా వల్ల కావటం లేదు, కాసేపు కూర్చుంటాను అంటే ఊరిపెద్ద కన్నప్పడు ముంత ముంచి తెచ్చేవాడు.

"ఎక్కడ? సూపించు. ఉప్పునడుగుదాం."

చూపించినచోట పోసేవాడు. కెవ్వుమంటే నొప్పి నిజం, వెళ్ళి నీడన కూర్చోవచ్చు. కెవ్వుమనకపోతే అబద్ధం, పోయి పలక పట్టాలి. చూశారా తెలివి! మనిషి నోరు తెరిచి చెబితే నమ్మరు, ముంతెడు నీళ్ళు చెబితే నమ్ముతారు.

ఆ ఊళ్ళో నూకాలు అని ఒక మనిషి ఉండేది. ఆ ఊరి ఆడపడుచే, ఆ ఊరి కోడలే. కన్నప్పడు ఆమెకి వరసకి పెదనాన్న. మొగుడు పోలయ్య. ఇద్దరికీ కలిపి ఒకే ఒక మడి ఉండేది, నూకాలు తండ్రి ఇచ్చింది. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. ఆమె నవ్వితే అవతలి కాలవ మీద కొంగలు లేచిపోయేవి.

ఒకనాడు పొద్దున్న లేచేసరికి వేళ్ళు ముడుచుకోలేదు. మరో నాడు మోకాళ్ళు పట్టేశాయి. ఇంకో నాడు భుజాలు. దెబ్బ తగల్లేదు, వాపు లేదు, జ్వరం లేదు. ఒంట్లో ఎముకలన్నీ ఎవరో విరిచి మళ్ళీ కట్టినట్టు నొప్పి. రాత్రంతా పడుకున్నా, పడుకోనట్టే లేచేది.

మొదటిసారి మోకాళ్ళు పట్టుకుని గట్టెక్కింది.

"ఎక్కడ? సూపించు. ఉప్పునడుగుదాం."

చూపించింది. కన్నప్పడు పోశాడు. చల్లగా ఉంది. మండే ఎండలో మోకాళ్ళ మీద చల్లటి నీళ్ళు పడితే హాయిగా ఉంటుంది గానీ కెవ్వుమంటారా? నూకాలుకి అబద్ధపు కేక వెయ్యడం చేతకాలేదు.

"పలక పట్టుకో" అన్నాడు కన్నప్పడు.

రెండోసారి భుజాలు పట్టుకుని గట్టెక్కింది.

"ఎక్కడ? సూపించు. ఉప్పునడుగుదాం."

పోశాడు. చల్లగా ఉంది. "మొన్న మోకాళ్ళన్నావు, ఇయ్యాల బుజాలంటన్నావు. నీ నొప్పికి కాళ్ళొచ్చాయేటే?" అన్నాడు. మడుల్లో ఉన్నవాళ్ళందరూ పడీ పడీ నవ్వారు.

మధ్యలో ఒక పెళ్ళి వచ్చింది. ఆ రోజెందుకో ఒళ్ళు కాస్త తేలిగ్గా ఉంది. ఎందుకో ఆమెకీ తెలీదు. దొరికిన ఒక్క మంచిరోజుని ఎవరు వదులుకుంటారు? డప్పు మోగింది, నూకాలు ఆడింది. ఊరంతా చూసింది. ఆ మర్నాడు మంచం మీంచి లేవలేక పడిన బాధ మాత్రం ఎవరూ చూడలేదు. చూసేది ఎప్పుడూ అంతే, ఆడిన పూటే.

మూడోసారి వేళ్ళు పట్టుకుని గట్టెక్కింది. కన్నప్పడు ముంత ఎత్తకముందే అన్నాడు. "పెళ్ళిలో ఎగిరిన సేతి ఏళ్ళేనా ఇవి? మనిషివి నిమ్మపండులా ఉన్నావు. ఇంకోపాలి ఉప్పు పట్టని నొప్పితో నా కాడికొచ్చేవంటే, నీ మడి తీసి సేతనైనోళ్ళకి ఇచ్చేస్తాను."

ఆ రోజునుంచి ఊళ్ళో ఆమె పేరు దొంగనొప్పుల నూకాలు.

పోలయ్య నమ్మేవాడు. రాత్రుళ్ళు కాపడం పెట్టేవాడు, గంప తనే ఎత్తుకునేవాడు. "నాను నమ్ముతున్నానే. గానీ పెద్దోళ్ళకి ఎదురెల్లి ఏటని సెప్పీది?" అనేవాడు. ఇంట్లో నమ్మకం, గట్టు మీద మౌనం. అలాంటి నమ్మకం దేనికి, కూరలో వేసుకోడానికా?

"నా నొప్పి కంటే నీ నోరు ఎక్కువ పట్టేసింది మావా" అంది నూకాలు. అతను కాపడం గుడ్డ మళ్ళీ వేడి చెయ్యడానికి లేచాడు.

అలా ఉండగా ఒకనాడు కాలవ దాటుతుంటే ఆల్చిప్ప పెంకు గుచ్చుకుని పిక్క మీద చిన్న గీత పడింది. పిల్లలకి పడేపాటి గీత. కన్నప్పడు రక్తం చూసి ముంత తెచ్చాడు. పోశాడు. నూకాలు కెవ్వుమంది.

"అయ్యయ్యో, పాపం! నీడన కూకోబెట్టండర్రా దాన్ని. మానీదాకా పలక ముట్టనీకండి" అన్నాడు పెద్దాయన. ఎవరో గంజి తెచ్చారు. ఎవరో తాటాకుతో విసిరారు. మూడునాళ్ళు కూర్చోబెట్టారు. నాలుగోనాడు గీత మానింది. "తగ్గిపోనాది కదా, లెగు" అన్నారు. మోకాళ్ళలో నొప్పి ఉన్నచోటే ఉంది. దాని గురించి ఒక్కరూ అడగలేదు.

నూకాలుకి అప్పుడు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని పుల్లలు విరుస్తూనే ఉంది, పొయ్యి మాత్రం వెలిగించలేదు. పక్కింటి అప్పలకొండ వచ్చి చూసింది. అప్పలకొండ నూకాలు ఈడుదే. ఎప్పుడూ పెదవి మీద నవ్వు చెరగనివ్వని మనిషి.

"పిచ్చిదానా, ఇప్పటికైనా తెలిసిందా?" అంది గొంతు తగ్గించి. చీర కాస్త పైకి లాగి పిక్క చూపించింది. గీత మీద గీత, గీత మీద గీత. "నడుం నొప్పని సెప్తే ఆడు నమ్ముతాడేటి? నాను కూకోవాలనుకున్న రోజు ఇంటికాడే పెంకుతో గీసుకుని ఎల్తాను. ఊళ్ళో ఆడోళ్ళ పిక్కలు సూడు, నానొక్కదాన్నే అనుకుంటన్నావా? మగోళ్ళు కూడా ఉన్నారే. ఇదిగో, తీసుకో." చేతిలో ఒక పెంకు పెట్టింది.

నూకాలు ఆ పెంకుని చూసింది. పిక్క మీద ఆనించింది. రేపు పొద్దున్న వేళ్ళు ముడవవని అప్పుడే తెలుస్తోంది. మడి పోతే తినడానికి ఏమీ లేదు. ఒక్క గీత చాలు, మళ్ళీ మూడునాళ్ళు నీడ.

"ఛీ!" అని పెంకు విసిరికొట్టింది. "ఉన్న నొప్పి సాలదా? దాన్ని నమ్మించడానికి ఇంకో నొప్పి కొనుక్కోవాలేటి? కోసుకుంటే నిజం, సెప్తే అబద్ధమా? నాను కోసుకోను. సెప్తాను."

"మడి పోద్దే!"

"పోతే పోనీ."

తెల్లారింది. అందరూ మడుల్లో దిగారు. ఉప్పు బాగా తేలిన రోజు, రాశులు తెల్లగా మెరుస్తున్నాయి. దూరంగా అకాలపు మబ్బు ఒకటి సముద్రం మీంచి లేస్తోంది. నూకాలు పలక తీసుకోలేదు. పోలయ్య భుజం పట్టుకుని నడిచి వచ్చి గట్టు మీద కూర్చుంది, అతను మడిలో దిగాడు. కన్నప్పడు ముంత పట్టుకుని వచ్చాడు.

"ఎక్కడ? సూపించు. ఉప్పునడుగుదాం."

"సూపించను" అంది నూకాలు.

పలకలన్నీ ఆగాయి.

"నొప్పి నాది. ఉప్పుది కాదు. నన్నడుగు, నాను సెప్తాను" అంది. "పెదనాయినా, నీ కొడుకు పడవెక్కెల్లి తిరిగి రానేదు. ఆ ఏడంతా నువ్వు పలక ముట్టుకోనేదు. ఈ గట్టు మీదే కూకుని ఏడిసీవు. మాలో ఎవరమైనా ముంత తెచ్చామా? ఎక్కడ నొప్పి, సూపించు, ఉప్పునడుగుదాం అన్నామా?"

కన్నప్పడి మొహం నల్లబడింది. "నా కొడుకు మాట ఎత్తుతావేటే! పో! ఈ పొద్దునుంచి నీకు మడి నేదు!"

"తీసేసుకో. మడి తీసుకుంటావు, పలక తీసుకుంటావు. కూకోడం ఎలగ తీసుకుంటావు? కూకున్నాను!"

అప్పుడు అప్పలకొండ పలక కింద పడేసింది. మడి దాటి వచ్చి, "జరగవే" అంది. నూకాలు జరిగింది. ఇంకో ఆవిడ వచ్చి, "జరగండే" అంది. జరిగారు. నడుం వంగిన ముసలాయన వచ్చి, "జరగండమ్మా" అన్నాడు. జరిగారు. చివరికి పోలయ్య వచ్చాడు. అతనికి ఏ నొప్పీ లేదు. సిగ్గు మాత్రం ఉంది, దానికే కూర్చున్నాడు. మడుల్లో ఇంక ఎవరూ మిగల్లేదు.

మబ్బు దగ్గరకొచ్చింది.

"లెగండర్రా! తాటాకులు కప్పండి! వాన కొట్టేస్తాది!" అని అరిచాడు కన్నప్పడు.

"ముందు ఆ కుండ పగలగొట్టు" అంది నూకాలు. "లెగగలిగినోళ్ళు లెగుస్తారు. నాను లెగలేను, నన్నడక్కు."

"తాతలనాటి కుండే! నాను ముట్టను!"

"అయితే ఉప్పు పోతాది."

"పోనీ!"

పోయింది. వాన వచ్చి ఊరి కష్టమంతా కాలవలోకి కడిగేసింది. నూకాలుకి ఆ వానలో ఒళ్ళంతా ఇంకా పట్టేసింది, అయినా కదల్లేదు. వాన తగ్గుముఖం పట్టాక కుండవైపు చూసింది. కన్నప్పడు ఒక్కడే ఉన్నాడక్కడ. ముంత ముంచాడు. చొక్కా లేని గుండె మీద, ఎడమపక్క, మెల్లగా పోసుకున్నాడు. ఆగాడు. మళ్ళీ పోసుకున్నాడు. మండలేదు. చల్లగా ఉండి ఉంటుంది. ఆ చల్లదనం ఎంత దుర్మార్గమో నూకాలుకి తెలుసు.

కన్నప్పడు పడి ఉన్న పలక తీసి కుండని ఒక్క దెబ్బ కొట్టాడు. పెంకులు అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు. నూకాలు మడి జోలికి మళ్ళీ రాలేదు. తప్పైపోయిందని మాత్రం ఒక్క మాట అనలేదు. అనాల్సింది.

ఆ ఏడు ఊరు గంజి తాగి బతికింది. కుండని కావలించుకుని ఉప్పు పోగొట్టినవాణ్ణి ఎవరైనా తిట్టారా? తిట్టలేదు. నూకాలునే తిట్టారు. తిట్టుకుంటూనే, నొప్పి వచ్చినప్పుడు ఆమె పక్కన వచ్చి కూర్చున్నారు.

ఇంతకీ నూకాలు నొప్పి తగ్గిందా? తగ్గలేదు. అదేం నొప్పో తెలిసిందా? తెలీలేదు. దేవత కలలోకి రాలేదు, సాధువెవడూ వేరు తెచ్చి ఇవ్వలేదు. చాతనైన రోజు పలక పట్టింది, చాతకాని రోజు కూర్చుంది. ఏటేటా మడుల్లోకి నీళ్ళు వదిలే మొదటిరోజు మాత్రం గట్టెక్కి ఊరందర్నీ పేరు పేరునా తిట్టేది. నన్ను దొంగ అన్నారు కదర్రా అని మొదలుపెట్టేది. అలాగే ముసలిదయింది, అలాగే పోయింది.

పోయిన రోజు ఆడవాళ్ళు స్నానం చేయిస్తూ ఒళ్ళంతా వెతికారు. ఇంతకాలం బాధపెట్టింది ఎక్కడుందో చూద్దామని. ఎక్కడా ఏమీ లేదు. పిక్క మీద పాత పెంకు గీత ఒకటుంటే ఒక అమ్మాయి, "ఇదేనేమో" అంది. అప్పలకొండ చెంబు విసిరికొట్టింది. "సచ్చాక కూడా ఎతుకుతున్నారేటే! ఇది బతికుండగా ఎన్నిపాల్లు సెప్పింది! సాలదా!" అని అరిచి, అందర్నీ బయటికి పంపేసి, మిగిలిన స్నానం తనొక్కతే చేయించింది.

మరుసటేడు నీళ్ళు వదిలే రోజు వచ్చింది. అందరూ కాలవ దగ్గర నిలబడ్డారు. తిట్లు లేవు. ఎవరికీ తూము తియ్యడానికి చెయ్యి రాలేదు. అప్పుడు అప్పలకొండ, నూకాలు పోయిన రోజుదాకా ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి, గట్టెక్కి చీర కొంగు బిగించి మొదలుపెట్టింది. పోయినవాళ్ళనీ వదల్లేదు, ఉన్నవాళ్ళనీ వదల్లేదు. ఆమె దిగాక ఆమె ఈడు ముసలాయన ఒకడు ఎక్కాడు. తరవాత ఇంకొకరు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో నీళ్ళు వదిలేముందు నూకాలు తిట్లు జరుగుతాయి. ఏడాదిపొడుగునా పంటి బిగువున నొప్పి ఓర్చుకున్నవాళ్ళు గట్టెక్కి, తమ మాట నమ్మనివాళ్ళని పేరు పెట్టి తిడతారు. అత్తా, మొగుడా, పెద్దా చిన్నా, మినహాయింపు లేదు. తిట్టించుకునేవాళ్ళు తలొంచుకుని వినాలి. ఎదురు చెప్పకూడదు. ఎవరైనా ముసిముసిగా నవ్వితే తిట్లు మళ్ళీ మొదటినుంచి మొదలవుతాయి. అందరివీ అయ్యాకే తూము తీస్తారు. పని మధ్యలో ఎవరైనా వచ్చి గట్టు మీద కూర్చుంటే, ముందే కూర్చున్నవాళ్ళు కాస్త జరుగుతారు, అంతే.

అన్ని కథలూ కంచికి వెళ్తాయి. ఈ కథ వెళ్ళదు, అంత దూరం నడవలేదు. ఆ గట్టు మీదే కూర్చుంది. ఎక్కడ నొప్పి అని అడిగారో, మీకూ ఉంటాయి తిట్లు.