రెండు గళ్ళ మేడ

వేమవరపు వాళ్ళ తెలివి గురించి ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పరు, వాళ్ళనే అడగాలి. ఉన్నది ముగ్గురు. అన్న భీమశంకరం, తమ్ముడు గవర్రాజు, అన్న భార్య సుభద్రమ్మ. వారం వారం పేపర్లో గడినుడి వస్తే ముగ్గురూ దాని చుట్టూ చేరేవాళ్ళు. లోకమంతా ఊహించి గళ్ళు నింపుతుందట, వీళ్ళు మాత్రం ఆధారంలో ఉన్నది చేసి చూసి, రుజువైతేనే రాస్తారట. అంత నిక్కచ్చి మనుషులు మరి.

ఆ వారం బహుమతి మిక్సీ. రోట్లో రుబ్బి రుబ్బి సుభద్రమ్మ భుజం పడిపోయింది. మిక్సీ రాకపోతే ఇంట్లో దోసె అన్న మాటే ఎత్తొద్దని చెప్పేసింది. సాయంత్రం టపా కట్టేలోగా కాగితం పోస్టులో పడాలి.

మొదటి ఆధారం, చీమలకి ఇష్టమైనది, రెండక్షరాలు. బెల్లమని తెలుసు, కానీ చీమలు ఒప్పుకోవాలిగా. అంతే, ఉన్న బెల్లమంతా గడప ముందు పోశారు. చీమలు ఒప్పుకుని ఇంట్లోక్కూడా వచ్చేశాయి. రెండోది, నీళ్ళలో తేలేది. ఇంకేముంది, సామాన్లు ఒక్కొక్కటే బావిలో వేసి చూశారు. ఇత్తడి బిందె మునిగింది. రోటి పొత్రం మునిగింది. పీట తేలింది. "చెక్క" అని రాసి ముగ్గురూ తెగ మురిసిపోయారు.

మూడోది ఇలా ఉంది: "మేక తోక కోసి, డబ్బా మూత పెడితే పెద్ద ఇల్లు. రెండక్షరాలు." పక్కింటి మేకని బతిమాలి, తోక మీద నాలుగు వెంట్రుకలు కత్తిరించారు. అది గవర్రాజుని ఒక్క తన్ను తన్నింది. వెంట్రుకల మీద డబ్బా మూత పెట్టారు. ఇక పెద్ద ఇల్లు లేవాలి, మరి దానికి జాగా ఏదీ? తాముంటున్న పాత పాక అడ్డంగా ఉందాయె. అంతే, కప్పు పీకేసి, గోడలు తోసేసి, మూటల మీద కూర్చుని ఎదురుచూశారు.

మధ్యాహ్నానికి కూర్మయ్య మాస్టారు వచ్చాడు. ఆయనకీ గడినుడి పిచ్చే, జవాబులు సరిచూసుకుందామని వచ్చి, ఇల్లు కనపడక కాసేపు అటూ ఇటూ తిరిగాడు. సంగతి విని నెత్తి బాదుకున్నాడు. తర్వాత ఓపిగ్గా విడమర్చాడు.

"మేకలో చివరి అక్షరం కోసేస్తే మే. డబ్బా మూతంటే దాని మొదటి అక్షరం, డ. కలిపితే మేడ. ఇదంతా కాగితం మీదేనయ్యా."

ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. గవర్రాజు గబగబా రెండు గళ్ళూ నింపాడు. టపా వేళవుతోంది, ఇటివ్వండి నేనే పోస్టులో వేస్తాను, మిక్సీ మీకే వస్తుందని మాస్టారు చెయ్యి చాచాడు. సుభద్రమ్మ కాగితం లాక్కుని గుండెలకి హత్తుకుంది.

"మేడ కాగితం మీదుందని మీరేగా అన్నారు మాస్టారూ. ఉన్న పాక కూల్చుకున్నాం. మిక్సీకి ఆశపడి మేడని పోస్టు చేసుకుంటామా?"

ఇంతలో వాన మొదలైంది. సుభద్రమ్మ కాగితం నెత్తిన పరిచి మొగుణ్ణీ మరిదినీ లోపలికి పిలిచింది. రెండు తలలూ వచ్చి దూరాయి. మాస్టారు వానలో నిలబడి చూస్తున్నాడు. ఆవిడకి జాలేసింది.

"మీరూ రండి, చోటుంది. చెప్పులు మాత్రం బయటే విప్పండి."