ఓటి పెంకుల కప్పు

2019 జూన్ తొమ్మిదో తేదీ, ఆదివారం. మృగశిర కార్తె ముందు రోజే వచ్చిందని పంచాంగం చెబుతోంది గాని చినుకు జాడ లేదు. ఆకు కదలడం లేదు. కాలవకి ఇంకా నీళ్లు వదల్లేదు, అడుగున బురద నెర్రెలిచ్చి ఉంది. ఎండ చూస్తే రోహిణి వెళ్లనట్టే ఉంది. ఆ మధ్యాహ్నం మూడు గంటలకి ఆర్కిటెక్టు వకుళ తన గురువు ముక్తేశ్వరరావు మాస్టారి ఇంటి అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగకుండా, కోపంతో ఊగిపోతోంది.

“మూతపడి పన్నెండేళ్లయింది మాస్టారూ ఆ పెంకుల ఫ్యాక్టరీ. పడగొట్టి ప్లాట్లు చేస్తామన్నారు. మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగి ఆపాను. హోటలు వాళ్లని ఒప్పించి కొనిపించాను. బట్టీ షెడ్డుని భోజనశాల చేశాను, పెంకులు ఆరబెట్టే సావిళ్లని గదులు చేశాను, పొగగొట్టంలో ఒక్క ఇటుక కదపలేదు. ఢిల్లీ వాళ్లు పిలిచి బహుమతి ఇచ్చారు. ఈ పెంకులపేట వాళ్లేమో గేటు దగ్గర నిలబడి నన్ను తిడుతున్నారు! మొన్న ఒకావిడ నా కారు మీద దబదబా బాదింది. చచ్చిన ఫ్యాక్టరీకి కొత్త బతుకు ఇవ్వడం తప్పా? మీరే చెప్పండి.”

“ఆవిడేమంది?” అన్నారు మాస్టారు.

“ఎవరికి వినపడింది? అద్దాలు ఎత్తి ఉన్నాయి. ఉద్యోగాలు కావాలనే అయ్యుంటుంది.”

మాస్టారు వంగి, బల్ల కింద చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

ఇది ఆయన అలవాటు. నలభై ఏళ్లు ఇంజనీరింగు కాలేజీలో ఇల్లు కట్టడం నేర్పిన మనిషి. ఆయన కట్టుకున్న ఇల్లు మాత్రం వానకి కురుస్తుందని గిట్టనివాళ్లు అనేవారు. అది నిజమే గాని ఇక్కడ అప్రస్తుతం. ప్రశ్న అడిగితే కూర్చుని జవాబు చెప్పడం ఆయనకి చేతకాదు. కాంక్రీటు ఎందుకు బీటలు తీస్తుందని అడిగిన ఒక కుర్రాణ్ణి ఎండలో మూడు మైళ్లు నడిపించి, ఓ వంతెన కింద కాసేపు నిలబెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా వెనక్కి తీసుకొచ్చారట. ఆ కుర్రాడు తర్వాత చీఫ్ ఇంజనీరయ్యాడు. వంతెన పడిపోయింది. వకుళకీ ఈ కథ తెలుసు. అందుకే కారు తీయబోయింది. “నడుద్దాం. కారుకి అద్దాలుంటాయి” అన్నారు మాస్టారు.

పెంకులపేట ఫ్యాక్టరీ గోడని ఆనుకునే ఉంటుంది. నలభై గడపలు. వకుళ ఆ పక్కనుంచి వందసార్లు వెళ్లింది గాని లోపలికి అడుగు పెట్టలేదు. ప్రతి ఇంటి మీదా కొత్త రేకులు ఎండకి కళ్లు జిగేలుమనేలా మెరుస్తున్నాయి. “ఫరవాలేదే, అందరూ రేకులు వేయించుకున్నారు” అంది వకుళ, కాస్త సంతోషంగానే. మాస్టారు విననట్టు నడిచారు.

ఇళ్లలో ఒక్కరూ లేరు. పేట పేటంతా ఫ్యాక్టరీ గోడ నీడలో కూర్చుని ఉంది. నులకమంచం మీద ఒక పిల్ల బాలింత, పక్కలో ఇరవై రోజుల పసిగుడ్డు. ఆ బిడ్డ ఒంటినిండా చెమటకాయలు. తడిగుడ్డతో విసురుతున్న ముసలామె మాస్టారిని చూసి లేచింది. ఆమె పేరు నూకరత్నం. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బట్టీ మొగదల ముప్పై ఏళ్లు పనిచేసింది. పసివాడు ఆమె మనవడు.

“రండి మాస్టారూ. లోపలికి రమ్మననండి, ఏమనుకోకండి. బట్టీలో పని పోయి పన్నెండేళ్లయింది. ఇప్పుడు బట్టీలోనే కాపరం చేస్తన్నాం.” అని, వకుళని ఎగాదిగా చూసింది. “ఈవిడేనా కారమ్మగారు? ఇయ్యాలకి అద్దం దిగిందన్నమాట.”

కారు మీద బాదిన చెయ్యి ఆవిడదేనని వకుళకి అప్పుడు తెలిసింది.

“రత్నం, ఉంగరం ఉందా?” అన్నారు మాస్టారు.

“ఎక్కడికి పోద్దండీ? వేలు వాచి ఇరుక్కుపోయింది. నాతోనే కాలుద్ది.” కుడిచేతి నడిమి వేలు చూపించింది. అరిగిపోయిన ఇనప ఉంగరం.

ముగ్గురూ గేటు దగ్గరికి వెళ్లారు. కాపలావాడు వకుళకి సలాము కొట్టి రత్నానికి చెయ్యి అడ్డం పెట్టాడు. “నాతో వచ్చింది” అని వకుళ కసురుకుంటే తప్పుకున్నాడు.

పదకొండు రోజుల్లో ప్రారంభోత్సవం. భోజనశాల ముందు వసారా చూరు చేతికందే ఎత్తులో ఉంది. వకుళకి ఆ కప్పంటే ప్రాణం. పాత కప్పుని తుఫాను ఎత్తుకుపోతే, కొత్త పెంకు వెయ్యడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ‘ఈ ఫ్యాక్టరీ ముద్ర ఉన్నవే, కనీసం నలభై వానలు తడిసినవే వాడవలెను’ అని ప్లాను మీద స్వయంగా రాసి సంతకం పెట్టింది. గుమ్మానికి పైన, కింది వైపు నల్లగా నిగనిగలాడే పెంకులు ప్రత్యేకంగా ఏరి వేయించింది. బహుమతి పత్రంలో వాటి గురించే రాశారు, ‘కాలం పూసిన నలుపు’ అని.

“కొట్టు రత్నం” అన్నారు మాస్టారు.

రత్నం స్టూలెక్కి, చెవి దగ్గరగా పెట్టి, ఉంగరంతో ఒక పెంకుని టక్కున కొట్టింది. మట్టిగడ్డ మీద కొట్టినట్టుంది శబ్దం. రెండోది కొట్టింది. అంతే. వరసగా పది కొట్టింది. ఒక్కటీ మోగలేదు.

“ఓటివండి. అన్నీ ఓటివే.”

“అంటే?” అంది వకుళ.

“బట్టీలోంచి తీసిన ప్రతి పెంకూ ఇలాగే కొట్టి చూసేవోళ్లమమ్మా. మంచిదైతే గుడిగంటలాగా కంగుమంటాది. సన్నపు బీటున్నా మోగదు, కంటికి కనపడకపోయినా సరే. మోగింది బండెక్కి కాకినాడో మద్రాసో పోయేది. మోగనిది మాకిచ్చేసేవోళ్లు, మామూలు అది. కూలీ కాక మాకు దక్కింది అదొక్కటే. ఈ ఊళ్లో ఈ ముద్రున్న పెంకు ఉందంటే అది ఓటిదే. ఓటిదైతే మా కప్పుదే.”

రత్నం గుమ్మం పైకి చూసి, చెయ్యి ఎత్తి ఒక నల్ల పెంకుని వేలితో రాసి, వేలు చూపించింది.

“ఇది మా పొయ్యి మీదది. ఆ మూల బెడ్డ ఊడిందే, అది మా ఆయన నిచ్చెన జారినప్పుడు ఊడింది.”

“కాలం పూసిన…” అని వకుళ ఆగిపోయింది.

“కాలం కాదమ్మా. తాటాకు మంట. మా అత్తది కొంత, నాది కొంత.”

వకుళ కాంట్రాక్టరు అబ్బులికి ఫోను చేసింది. నోటికొచ్చినట్టు తిట్టింది. అతను ఓపిగ్గా విన్నాడు.

“మేడమ్, మీరు రాసిందేగా నేను చేసింది? నలభై వానలు తడిసిన పెంకు ఇంకెక్కడుంటుందండీ? పేట స్థలం కూడా ఫ్యాక్టరీదే. ఖాళీ చేయించకుండా రేకులు వేయించాం, దండం పెట్టాలి వాళ్లు. డిసెంబర్లో మీరే వచ్చి చూసి ‘అబ్బులూ, అద్భుతం’ అన్నారు గదండీ.”

అన్నది. నిజంగానే అన్నది. ఫోను చేతిలో పట్టుకుని వకుళ మాస్టారి మీదికి తిరిగింది. “మీకు తెలుసు! తెలిసి ఎందుకు ఊరుకున్నారు?”

“పేపర్లో బొమ్మ చూసి నేనూ మెచ్చుకున్నానమ్మాయ్. కత్తిరించి గోడకి అంటించుకున్నాను. తర్వాత ఓ రోజు ఇటు వస్తే రేకులు మెరిశాయి. నీ ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాశాను. అభినందనలకి కృతజ్ఞతలని జవాబొచ్చింది.”

ఈ లోపల రత్నం ఎవరినీ అడక్కుండా తన పొయ్యి మీది పెంకుని చూరులోంచి సుతారంగా జరిపి లాగి, కొంగులో చుట్టుకుని గేటు వైపు నడిచింది. కాపలావాడు ఆపాడు. “ఏయ్ ముసల్దానా, కొంగు తియ్యి.”

“నా ఇంటిది నేను పట్టుకెళ్తన్నాను.”

“హోటలు సొత్తు. ఇక్కడ పెట్టు.”

“పోనియ్యి! నేను చెప్తున్నాను” అని వకుళ అరిచింది. వాడు యజమానికి ఫోను చేశాడు. విన్నాడు. తలూపాడు. “సారు వద్దన్నారమ్మా. కావాలంటే ఇంకో రెండు రేకులు ఇప్పిస్తారంట.” పెంకు లాక్కున్నాడు. మసి అంటిన కొంగు దులుపుకుంటూ రత్నం వాడి మొహం మీదే అంది:

“ముప్పై ఏళ్లు ఈ గేటు దగ్గర నా కొంగు విప్పి చూశార్రా, మోగే పెంకు పట్టుకుపోతన్నానేమోనని. ఒక్కనాడు దొరకలేదు. ఓటిదైతే ఆ తెల్లోడి కాలంనాటి మేనేజరు కూడా పొమ్మనేవోడు. ఓటి పెంక్కి నన్ను దొంగని చేసింది మీరే.”

తరవాత వకుళ వెనక్కి తగ్గలేదు, అది మాత్రం చెప్పాలి. పెంకులు పేటకి తిరిగివ్వకపోతే పని పూర్తయినట్టు సంతకం పెట్టనంది. యజమాని ఇంకొకరి చేత పెట్టించుకున్నాడు. బహుమతి వద్దని ఢిల్లీకి రాసింది. వాళ్లు ఆవిడ వినయాన్ని మెచ్చుకుంటూ జవాబు రాసి, ఆ ఉత్తరాన్ని కూడా తమ పత్రికలో వేసుకున్నారు. ప్రారంభోత్సవమైన మర్నాడే తొలకరి పడింది. ఓటి పెంకులు ఒకదాని మీద ఒకటి జోడుగా పరిస్తే గాని వాన ఆపవు. పేటలో అలాగే పరుచుకునేవారు. అబ్బులు ఒకే వరస పరిచాడు. భోజనశాల అంతా కురిసింది. వారం తిరక్కుండా పెంకుల కింద రేకులు పరిచి, ఆ రేకులు అతిథులకి కనపడకుండా చెక్కపలకలు కొట్టించారు. మసి పెంకులని మాత్రం గుమ్మం పైన కనపడేలా వదిలేశారు. ఇప్పుడు ఆ కప్పు ఎండా ఆపదు, వానా ఆపదు. చూడ్డానికి ఉంది.

జూలై నెలాఖరున, ముసురు పట్టిన రోజున, వకుళ మళ్లీ ఆ అరుగు మీదికి వచ్చింది. పేట మీదుగా నడిచే వచ్చింది. రేకుల మీద వాన మోతకి రత్నం మనవడు గుక్కపట్టి ఏడుస్తూనే ఉన్నాడు. మాస్టారి గోడ మీద పేపరు బొమ్మ ఉన్న చోట జిగురు మరకలు మిగిలాయి. వకుళ, “ఇంత చేస్తే ఆ ఫ్యాక్టరీ ఎవరికి దక్కినట్టు మాస్టారూ?” అంది.

మాస్టారు ఈసారి చెప్పులు వెతుక్కోలేదు.

“కప్పు హోటలుకి దక్కింది. పేరు నీకు దక్కింది, నువ్వు వద్దన్నా. అబ్బులికి పక్క జిల్లాలో ఇంకో పాత మిల్లు దక్కిందట. రత్నానికి తన పొయ్యి మసి కూడా దక్కలేదు.”