తలుపు తీసేసిన గది

ఓబులేసు తన ఆఫీసు గదికి తలుపు పీకించేశాడు. మూయకుండా ఉంచడం కాదు, వడ్రంగిని పిలిపించి బందులతో సహా ఊడదీయించి గోడౌన్లో పడేయించాడు. నాయకుడి తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలని ఏదో పుస్తకంలో చదివాడు. తెరిచి ఉండటమేమిటి, అసలు తలుపే లేకపోతే ఇంకా మంచిది కదా అనుకున్నాడు. ఏ పనైనా సగంలో ఆపే రకం కాదాయన.

బేతంచెర్ల దగ్గర నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఆయనది. ఒకప్పుడు లారీలకు బండలు ఎత్తిన మనిషి. బడిచదువు పెద్దగా అబ్బలేదు. ఫ్యాక్టరీ పెట్టాక ఆ లోటు తీర్చుకోవాలని పుస్తకాల మీద పడ్డాడు. వ్యాపారంలో గెలవడం ఎలా, మనుషుల్ని నడిపించడం ఎలా, నిన్ను నువ్వు పెంచుకోవడం ఎలా... కర్నూలు వెళ్లినప్పుడల్లా సంచి నిండా తెచ్చుకునేవాడు. రాత్రి చదివింది పొద్దున్నే అమలు. షెడ్డు తెరవగానే అందర్నీ నిలబెట్టి, "ఏం ఇబ్బందున్నా చెప్పండి, భయపడొద్దు" అనేవాడు. "అంతా బాగుంది సార్" అనేవాళ్లు. ఆయన మురిసిపోయేవాడు.

నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ మనసు మంచిది. పనివాళ్ల ఇంట్లో జ్వరమొస్తే తన కారులో ఆస్పత్రికి పంపేవాడు. ఎవరినీ ఏనాడూ పల్లెత్తు మాట అన్నవాడు కాదు. ఆ మంచితనంలో వంక పెట్టడానికేమీ లేదు.

అలాంటి షెడ్డులో ఒకరోజు బండను ఎత్తే క్రేను చైను తెగింది. కింద మద్దిలేటి అనే పనివాడున్నాడు. ప్రాణం దక్కింది. మోకాలి కింద కాలు దక్కలేదు.

చైనులో ఒక లంకె అరిగి సాగిపోయి ఉందట. షెడ్డులో ప్రతివాడికీ తెలుసట. ఫోర్‌మన్ మౌలాలికి అందరికన్నా ముందే తెలుసట. ఊరందరికీ తెలిసిన సంగతి ఇంటాయనకు ఆఖరున తెలుస్తుందంటారు. ఓబులేసుకు ఆస్పత్రి వరండాలో తెలిసింది, లోపల మద్దిలేటి భార్య ఏడుస్తుంటే.

ఆ వరండాలోనే మౌలాలి మీద అరిచాడు. ఇక నీ మొహం చూపించొద్దన్నాడు. మౌలాలి నోట్లో నాలుక లేని మనిషి. తల దించుకుని ఇంటికి పోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఓబులేసు కొత్త చైను వేయించాడు. అయినా ఫ్యాక్టరీ తెరవలేకపోయాడు. తెరవాలంటే "అంతా బాగుందా?" అని అడగాలి. "అంతా బాగుంది సార్" అంటారు వాళ్లు. ఆ మాట నమ్మే ధైర్యం ఇప్పుడాయనకు లేదు. ఒంటరిగా షెడ్డుకు వెళ్లి స్విచ్చి మీద చెయ్యి వేసేవాడు, మళ్లీ తీసేసేవాడు. అన్నం సయించలేదు. ఆ బరువు మోయలేక సుంకమ్మ గారి దగ్గరకు వచ్చాడు.

సుంకమ్మ అచల మార్గమనే గురుపరంపరలో గురువు. పక్క పల్లెలో చిన్న ఇల్లు, ముందొక అరుగు. ఆమె దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్లలో రైతులున్నారు, మగ్గం నేసేవాళ్లున్నారు, బస్సు కండక్టరూ ఉన్నాడు. అందరికీ ఆమె అమ్మ. ఓబులేసు బండలు ఎత్తిన రోజుల నుంచీ ఆమె శిష్యుడు.

"తలుపు తీసేసినానమ్మా," అన్నాడు అరుగు కింద కూర్చుని. "దినామూ అడిగినా. కొట్టలే, తిట్టలే. అయినా ఒక్కడన్నా వచ్చి చైను అరిగిందని చెప్పలే. ఎందుకు చెప్పలేదమ్మా? నేనంటే అంత భయమా? లేకుంటే గిట్టదా?"

సుంకమ్మ వింటూ ఉంది.

"ఒక మనిషి కాలు పోయిందమ్మా. ఆ మౌలాలిని ఎట్ల పెట్టుకునేది? సోమవారం అందరి ముందరా పిలిచి పంపించేస్తా."

"రేపు మా గురువుగారి ఆరాధన," అందామె. "సమాధి కాడికి నడిచి పోతాం. నువ్వూ రా నాయనా."

అంతకు మించి ఏమీ అనలేదు. ఓబులేసుకు కాస్త చిన్నబోయినట్టయింది. అయినా గురువు రమ్మన్నది కదా, తెల్లవారేసరికి వచ్చేశాడు.

ఏటా జరిగే నడకే అది. సమాధి ఉన్నది వంక అనే చిన్న వాగుకు అవతల, ఒక చేనిలో. అమ్మ ముందు నడుస్తుంది, శిష్యులు వెనక నడుస్తారు. గురువును దాటి అడుగు వేయకూడదని ఆ పరంపరలో గట్టి పట్టింపు. నీడ తొక్కడానికి కూడా జంకుతారు. ఆ రోజు నలుగురైదుగురే ఉన్నారు. అందరిలోకీ పెద్దది తిరుపాలమ్మ, పూజ బుట్ట నెత్తిన పెట్టుకుని మోకాలు ఈడ్చుకుంటూ వస్తోంది.

ఊరు దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకు తిరిగితే వంక, సమాధి. కుడికి తిరిగితే ఎప్పుడో వదిలేసిన పాత గని. సుంకమ్మ కుడికి తిరిగింది.

ఓబులేసు ఆగిపోయాడు. ఈ నేలంతా ఆయన కాళ్లకు తెలుసు. ఆ గనిలో రాయి తవ్విన రోజులూ ఉన్నాయి. తిరుపాలమ్మ వైపు చూశాడు. ఆమె కండక్టరు వైపు చూసింది. కండక్టరు నేలను చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ వెనకే నడిచారు.

నడుస్తుంటే ఓబులేసుకు ఒక ఊహ తట్టింది. అమ్మ ఊరికే కుడికి తిరగదు. నన్ను రాళ్ల మధ్యకు తీసుకుపోతోంది. రాతి బతుకు నాది కదా, అక్కడ ఏ రాయినో చూపించి నా ప్రశ్నకు జవాబు చెబుతుంది. అంత చదువు చదివాక ప్రతి గడ్డిపోచలోనూ పాఠం వెతకడం ఆయనకు అలవాటైపోయింది. ఆ రాబోయే పాఠం కోసం చేతులు కట్టుకుని, మొహం వినయంగా పెట్టుకుని మరీ నడిచాడు. మనసు కొంచెం తేలికపడింది కూడా.

ఎండెక్కింది. దారి పోయి కంపచెట్లు వచ్చాయి. అమ్మ చీర చెంగు ముళ్లకు పట్టుకుంటే విడిపించుకుని సాగింది. తిరుపాలమ్మ బుట్ట దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తుకుంది. కంప దాటగానే ముందు నేల లేదు. గని గుంత. అడుగున నీళ్లు పాచిపట్టి ఉన్నాయి. సుంకమ్మ అదే నడక నడుస్తోంది.

ఇప్పుడు ఆగుతుంది అనుకున్నాడు ఓబులేసు. ఆగి, వెనక్కి తిరిగి, చెబుతుంది.

ఆమె ఆగలేదు.

"అమ్మా!"

ఆ కేక తనదేనని ఆయనకు తర్వాత గానీ తెలియలేదు. పట్టింపూ లేదు, నీడా లేదు. పరుగెత్తి గురువును దాటి, అడ్డం నిలబడి, రెండు రెక్కలూ పట్టుకున్నాడు. ఆయన మడమ కింద నుంచి చిన్న రాయొకటి జారి చాలాసేపటికి నీళ్లలో పడింది.

"ఏమైంది నాయనా?" అంది సుంకమ్మ.

"గని గుంతమ్మా. ఇంకొక్క అడుగు వేస్తే..."

ఆమె కళ్లు చికిలించి కిందికి చూసింది. ఏమీ కనిపించినట్టు లేదు.

"ఇది సమాధి దారి కాదా?"

"కాదమ్మా."

"యాడ తప్పినాం?"

"దారి చీలిన కాడ. ఎడమకు తిరగాల్సింది."

"నువ్వు అప్పుడే చూసినావా?"

"చూసినానమ్మా."

"మరి చెప్పలేదే?"

"మీరు పోతాండారంటే ఏదో కారణం ఉంటుందనుకుంటి," అన్నాడు ఓబులేసు. "నాకు ఏదో నేర్పడానికి తీసుకొస్తాండారేమో అని..."

"కండ్లు కనపడక తప్పినా నాయనా."

తిరుపాలమ్మ బుట్ట దించేసి ఏడ్చేసింది. కండక్టరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఓబులేసు మాత్రం ఆమె రెక్కలు వదల్లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ కళ్లలోకి దగ్గరగా చూశాడు. రెండింటిలోనూ తెల్లగా పొర కమ్మి ఉంది.

"ఏడాదిగా మసక," అంది సుంకమ్మ. ఎవరినీ తప్పుపట్టే గొంతు కాదది. "మీరు అడగలే. నేనూ చెప్పలే."

గాలికి కంపచెట్లు కదిలాయి. ఆమె మళ్లీ అంది, "ఆ మౌలాలిని అడిగినావా, ఎందుకు చెప్పలేదని?"

"అరిచినానమ్మా," అన్నాడు ఓబులేసు. "అడగలే."

ఆమె చెయ్యి చాచి ఆయన భుజం మీద వేసింది. "నువ్వు ముందు నడువు," అంది. "వంక కాడ రాళ్లు జారతాయి. ముందేముందో నాకు చెప్పుకుంటా పో."

ఓబులేసు ముందు నడిచాడు. గుంత ఉంటే గుంత అన్నాడు, ముల్లు ఉంటే ముల్లు అన్నాడు. భుజం మీద ఆమె చెయ్యి తేలికగానే ఉంది గానీ దాని బరువు ఆయనకు తెలుస్తూనే ఉంది. సమాధి చేరేసరికి ఆరాధన వేళ దాటిపోయింది.

సాయంత్రం ఆయన నేరుగా మౌలాలి ఇంటికి వెళ్లాడు. మౌలాలి నులక మంచం మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. యజమానిని చూసి గభాలున లేచి నిలబడ్డాడు. పనిలోంచి తీసేశానని ఇంటికే వచ్చి చెబుతున్నాడనుకున్నాడు కాబోలు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కూర్చో," అన్నాడు ఓబులేసు. తను గడప దగ్గరే నిలబడ్డాడు. "అరవడానికి రాలే. ఒక మాట అడగడానికి వచ్చినా. చైను సంగతి నాకెందుకు చెప్పలే?"

మౌలాలి మంచం అంచున కూర్చుని కాలి బొటనవేలితో నేల రాశాడు.

"మీ గదికి వచ్చినా సార్, చెప్పాలనే," అన్నాడు. "ఎన్నోసార్లు వచ్చినా. మీరు చదువుకుంటా ఉంటిరి. బల్ల మీద అన్ని పుస్తకాలు. ఇంత తెలిసిన మనిషికి చైను సంగతి తెలియకుండా ఉంటుందా అనుకుంటి. తెలిసీ దాంతోనే నడిపిస్తాండారంటే మీ లెక్క మీకేదో ఉంటుందనుకుంటి." తల ఇంకా దించుకున్నాడు. "మద్దిలేటిని ఆ పొద్దు కింద నిలబెట్టింది నేనే సార్. నిద్ర పట్టడం లేదు."

ఓబులేసు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. లోపల ఎక్కడో మౌలాలి భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాకు తెలియదు మౌలాలీ," అన్నాడు.

ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచీ ఆ మాట ఆయన నోటి వెంట ఎవరూ వినలేదు. మౌలాలి తలెత్తి, విన్నది నిజమేనా అన్నట్టు చూశాడు.

"తెలియదా?"

"తెలియదు."

మౌలాలి మంచం మీద నుంచి నెమ్మదిగా లేచాడు.

"అయితే సార్," అన్నాడు, "రెండో క్రేను బ్రేకు పట్టదని కూడా మీకు తెలియదా?"

ఓబులేసు గడప మీద కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు.