ఈరన్న హోటల్లో ఒక్కటే చట్నీ గిన్నె

ఆదోనిలో ఈరన్న బజ్జీ వేస్తే, ఆ వాసనకు స్టేషన్లో రైలు కదలనని మొండికేసేది. గార్డు జెండా ఊపీ ఊపీ చెయ్యి నొప్పి పుట్టి, చివరికి తనూ దిగొచ్చి రెండు తిన్నాకే బండి కదిలేది. ఇందులో అబద్ధం ఆవగింజంత కూడా లేదు.

అంతటి మొనగాడి హోటల్‌కి ఈగలు కూడా రెండోసారి రావడం మానేశాయి.

వచ్చినవాళ్లు ఐదు నిమిషాల్లో తిని, చెయ్యి కడుక్కుని పోయేవాళ్లు. మళ్లీ కనపడేవాళ్లు కాదు. ఎదురు సందులో నాగరత్నమ్మ బండి దగ్గర మాత్రం ఎండలో నిలబడి మరీ తినేవాళ్లు. ఆమె చేసే బొరుగుల ఉగ్గానిలో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ!

ఈ నెల కూడా ఇట్లాగే గడిస్తే హోటల్ మూసేసి, బామ్మర్ది పత్తి మిల్లులో గేటు కాడ కూర్చోవడమే. తను ఆ గేటు తీసేటప్పుడు బామ్మర్ది నవ్వే నవ్వు తలుచుకుంటేనే ఈరన్నకు చలిజ్వరం వచ్చేది.

దిక్కుతోచక, తనకు వంట నేర్పిన దస్తగిరి ఉస్తాదు దగ్గరికి పరుగెత్తాడు.

ఉస్తాదంటే మాటలా! అన్నం ఉడికిందో లేదో ఆయన మెతుకు పట్టి చూసేవాడు కాదు. డేగిసాకు చెవి ఆనించి వినేవాడు. ఒక పెళ్లిలో అట్లా విని, "లోపల మూడు మెతుకులు ఇంకా ఉడకలే" అన్నాడు. వెతికితే మూడే దొరికాయి.

"నా వంటలో తప్పేందో చెప్పు ఉస్తాద్."

"ఆకలైతాంది. ముందు పెట్టు పా."

హోటల్లో ఎనిమిది బల్లలు. బల్లకొక చట్నీ గిన్నె, నీళ్ల జగ్గు, ఉప్పు డబ్బా. ఈరన్న ఛాతీ విరుచుకున్నాడు.

"చూడు ఉస్తాద్! ఎవురూ ఎవుర్నీ ఏమీ అడగాల్సిన పనే లేదు."

"నిన్ను కూడానా?"

"నన్ను కూడా!"

ఉస్తాదు రెండు ప్లేట్ల ఉగ్గాని, తొమ్మిది బజ్జీలు లాగించాడు. పదోది మర్యాద కోసం వదిలాడు. గడ్డం తుడుచుకుని లేచి, ఏడు చట్నీ గిన్నెలు తీసుకుపోయి వంటింట్లో పెట్టాడు. ఎనిమిదోది నడిమి బల్ల మీద ఉంచాడు.

"ఉస్తాద్, జనమొచ్చే టైము!"

"రానీలే."

వచ్చారు. మూల బల్ల దగ్గర కూర్చున్న పత్తి దళారి ఒకడు చట్నీ కోసం నాలుగు దిక్కులా చూశాడు.

"అవ్వా, ఆ గిన్నె ఇట్లా పంపు."

నడిమి బల్ల దగ్గరున్న ముసలావిడ తల కూడా ఎత్తలేదు. "కాళ్లు లేవా నీకి? వచ్చి తీస్కపో."

అతను వచ్చాడు. ఆవిడ ముఖం చిట్లించి చూసింది.

"గోనెగండ్ల లచ్చుమమ్మ కొడుకు హనుమేశువి కదూ?"

"నీకెట్లా తెలుసు?"

"ఆ ముక్కు ఇంకెవురికుందిరా! కూచో."

కూర్చున్నాడు. ఇంతలో వెనక నుంచి కేక: "ఓ ముక్కాయనా, గిన్నె నీకే రాసిచ్చినారా?" అంతా గొల్లుమన్నారు. గిన్నె చేతులు మారింది. గిన్నె వెంట మనుషులు మారారు. పది గంటలకల్లా ఒక పెళ్లి సంబంధం కుదిరింది, రెండేళ్ల గోడ తగాదా తీరింది, ఒక బర్రె బేరం తెగింది. ఎవరూ లేవలేదు.

ఈరన్న చట్నీ నింపలేక చచ్చి, చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఉస్తాద్, ఎవురూ పోవడం లేదు! కొత్తోళ్లకి చోటు లేదు!"

"ఇందాక ఎవురూ రావడం లేదని ఏడిస్తివి. తిన్నావా?"

"లే."

"తినుపో."

ఈరన్న ప్లేటులో ఉగ్గాని పెట్టుకుని నడిమి బల్ల దాకా వచ్చి ఆగాడు. గిన్నె అవతలి కొసన ఉంది. హోటల్ పెట్టిన ఈ మూడు నెలల్లో అతని నోటి నుంచి గిరాకీలకు 'సార్' తప్ప ఇంకో పిలుపు రాలేదు. గొంతు సవరించుకున్నాడు.

"హనుమేశన్నా, ఆ చట్నీ ఇట్లా అందియ్యి."

"ఇస్తా గానీ, నిలబడే తింటావా ఏంది?" అంటూ హనుమేశు బెంచీ మీద జరిగాడు.