తలుపు దగ్గర చాప

ఏ కాలమో చెప్పలేం గాని, రేవులపాడు రాజ్యంలో నాటకాల మంచిచెడ్డలు రాసే కొలువు ఒకటుండేది. ఇరవై రెండేళ్లుగా ఆ కొలువు పేరిందేవిది.

ఊరూరా తిరిగి నాటకం చూడటం, తనకు తోచింది తాటాకు మీద రాయటం ఆమె పని. ఆ ఆకును సంతలో చదివి వినిపించేవారు. బాగుందంటే జనం చాపలు చంకన పెట్టుకుని బయల్దేరేవారు. బాగాలేదంటే మేళంవాళ్లు నాలుగు రోజులు ఆమెను తిట్టుకుని, అయిదో రోజున ఆ ఘట్టం దిద్దుకునేవారు. ఆమె వెనక వరసలో కూర్చుని వేషగాళ్లకన్నా జనాన్నే ఎక్కువ చూసేది. ఏ పద్యం మళ్లీ పాడమన్నారు, ఎవరెప్పుడు లేచిపోయారు, అన్నీ గుర్తుపెట్టుకునేది.

ఒక ఏడాది రాజు భుజబలదేవుడికి నాటకం రాయాలనిపించింది. రాశాడు. నాయకుడి వేషమూ తనదే. అందులో భుజబలుడు పదకొండు యుద్ధాలు గెలుస్తాడు. ప్రతి యుద్ధానికీ ముందూ వెనకా తన గురించి తానే పద్యాలు చదువుతాడు.

ప్రదర్శనకు ముందురోజు పేరిందేవిని పిలిపించాడు.

"నా నాటకం మీద ఆకు రాయి. అందులో పొగడ్త తప్ప మరొకటి ఉండకూడదు."

"చిత్తం ప్రభూ."

"అబద్ధమూ ఉండకూడదు. ముఖస్తుతి నాకు గిట్టదు. రెంటిలో ఏది తప్పినా నీ గంటం లాక్కుంటాను."

పేరిందేవి రొంటిన దోపుకున్న గంటాన్ని తడుముకుంది. అది పోతే ఆమెకు వేరే బతుకు తెలియదు. దాన్ని కాపాడుకోవటానికి అబద్ధం రాస్తే, సంతలో ఆమె మాట ఇంకెవరూ నమ్మరు.

మర్నాడు పొద్దున్నే సభామంటపంలో మొదలైన నాటకం భోజనాల వేళ దాటినా సాగింది. మంటపానికి ఎనిమిది తలుపులు. తలుపుకొక భటుడు, చేతిలో బల్లెం.

నాటకం ముగిశాక నిండు సభలో పేరిందేవి ఆకు చదివింది.

"ఇరవై రెండేళ్లలో ఇలాంటి ప్రదర్శన చూడలేదు. మొదటినుంచి చివరిదాకా ఒక్కరూ లేచిపోలేదు. ఈ ఘనత తలుపుల దగ్గరి ఎనిమిదిమంది భటులది. రెప్ప వేయకుండా, అడుగు తడబడకుండా తమ పాత్రల్లో జీవించారు."

సభలో ఎవరో నవ్వబోయి దగ్గారు. రాజు ముఖం కందగడ్డయింది.

"మరి నా నటన?"

"పొగడ్తా నిజమూ కలిసినంత మేరకే రాశాను ప్రభూ."

"భటులు లేకపోయినా జనం కదలరు. రేపు తలుపులు తెరిచి మళ్లీ ఆడతాను. సగంమంది కూర్చున్నా నీ గంటం నాది."

మర్నాడు కొత్త జనం వచ్చారు; భటులూ బల్లేలు వదిలి వాళ్లలో కూర్చున్నారు. రెండో యుద్ధానికి మంటపం సగం ఖాళీ అయింది. ఆరో యుద్ధంలో రాజు పద్యం మధ్యలో తలెత్తి చూస్తే, వెనక వరసలో పేరిందేవి ఒక్కతే ఉంది. రాజు పద్యం ఆపేశాడు.

"అందరికన్నా ముందు లేచిందెవరు?"

"భటులు ప్రభూ. వాళ్లు నిన్ననే ఒకసారి చూశారు గదా."

"మరి నువ్వెందుకు కూర్చున్నావు?"

"కొలువు ప్రభూ."

 రాజు బెండు కిరీటం తీసి పక్కన పెట్టి, వేదిక అంచున చతికిలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"గంటం నీదే. ఇకమీదట ఏ నాటకానికైనా మొదటి వరసలో, నా ఆసనం పక్కనే, నీకు పట్టుచాప వేయిస్తాను. సరేనా?"

"మహాప్రసాదం. ఆ చాపేదో కాస్త తలుపు దగ్గర వేయించండి ప్రభూ."

రాజు మళ్లీ నవ్వాడు. చాప తలుపు దగ్గరే వేయించాడు. మిగిలిన అయిదు యుద్ధాలూ ఆ రోజు జరగలేదు.