అత్తరు పూసుకున్న చెయ్యి

మర్నాడు సభ. సభ్యుల్లో సగంమంది సంఘాన్ని వదిలిపోతామని ముందే చెప్పేశారు. ఆ మాట మింగుడుపడక ఖమరున్నిసా తన గురువు దస్తగిరి షా దగ్గరికి వచ్చింది.

కర్నూలు పాతబస్తీ ముస్లిం వర్తకుల సంఘానికి అధ్యక్షురాలైన మొదటి ఆడమనిషి ఆమె. ఆమెది అత్తర్ల దుకాణం. రోడ్డు వెడల్పు చేస్తామని బుల్డోజరు వస్తే, దానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ బండి వెనక్కి వెనక్కి పోయి తుంగభద్రలో పడిందని నేను చెబుతాను. కాదన్నవాడు ఇంతవరకు నా ముందుకు రాలేదు.

"వాళ్ళ దుకాణాలు నిలబెట్టింది నేను హజ్రత్. ఇంకేం చెయ్యాలి? ఆ టోపీలు కుట్టే హుస్సేన్ పీరా అందరినీ నా మీదికి లేపుతున్నాడు."

"ఏమంటాడు పీరా?"

"ఏదో అంటాడు. ఆడదాని మాట కింద ఉండలేడు, అంతే."

దస్తగిరి షా వయసులో ఉండగా అత్తరు బట్టీ నడిపినవాడు. ఏటి అవతల మల్లెమొగ్గ విచ్చితే ఇవతల కూర్చుని అది ఏ ఇంటి పెరడో చెప్పేవాడు. ఆయన గూట్లోంచి చిన్న సీసా తీసి, మూత విప్పి ఇచ్చాడు.

"ఏముంది బేటీ?"

ఆమె వాసన చూసింది. మళ్ళీ చూసింది. "ఏమీ లేదు. వట్టి నూనె."

"మీ అబ్బా దుకాణం తెరిచే ముందు ఏం చేసేవాడు?"

ఆమె తన మణికట్టు వైపు చూసుకుంది.

అత్తరు అమ్మేవాడు అత్తరు పూసుకోడు. పూసుకుంటే సరుకు వాసన అతనికే తెలియదు. వాళ్ళ నాన్న రోజూ శనగపిండితో చేతులు రుద్దుకున్నాకే గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. ఆమె కూడా అంతే చేసేది. అధ్యక్షురాలయ్యాక, సభలకు పోవాలి కదా అని, మణికట్టుకు గులాబీ అత్తరు పూసుకోవడం మొదలుపెట్టింది.

లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుంది. కాసేపు వాకిట్లో గాలికి నిలబడి వచ్చి, సీసా మళ్ళీ అందుకుంది.

తొలివానకు తడిసిన మట్టి వాసన. పలచగా, ఎక్కడో దూరంగా.

"ఉంది హజ్రత్."

"ఇందాక కూడా ఉంది."

మర్నాడు సభలో ఆమె అధ్యక్షుల కుర్చీ దాటిపోయి, హుస్సేన్ పీరా పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఏదో అంటున్నావు పీరా భాయ్. నేను వినలేదు. మొదటి నుంచి చెప్పు."

పీరా పిలిస్తే కొండారెడ్డి బురుజు మీది పావురాలు లేచేవి. అట్లాంటివాడు మొదలుపెట్టిన మాట, ఆరోజు పక్కవాడికి కూడా వినపడలేదు.

ఖమరున్నిసా ఇంకాస్త దగ్గరికి జరిగింది.